ఐదో తరగతి దాటిన ఆడపిల్ల



ముందు చాపల మీద ఇంకా చోటుంది. చంటిపిల్లల తల్లులు ఫ్యాను కిందికి రావచ్చు. పిల్లలు లోపల ముస్తాబవుతున్నారు. పెద్ద చీరలు చిన్న నడుములకు పిన్నీసులతో నిలబెట్టాలి కదా, ఆలస్యమవుతుంది. ఈలోగా నాలుగు మాటలు.

మంగళగిరిలో నరసింహస్వామి తిరునాళ్ళ వెళ్ళిందంటే ఎండలు ముదిరినట్టే. మార్చి సగంలో ఒంటిపూట బడులు వస్తాయి. పొద్దున్నే గంట కొడతారు. మధ్యాహ్నం అన్నం తిని పిల్లలు ఇంటికి పోతారు. ఏప్రిల్లో పరీక్షలు. ఏప్రిల్ 23తో బడి మూత. జూన్ 12న మళ్ళీ గంట. 2025లో కూడా ఇదే లెక్క నడిచింది. పరీక్షలకీ సెలవులకీ నడుమ ఇట్లా ఒక సాయంత్రం వార్షికోత్సవం. పాటలు, డాన్సులు, పరుగుపందెం గెలిచిన పిల్లకు స్టీలు గ్లాసు.

ఈ సభలో హెడ్మాస్టరు గారు ఒక రిపోర్టు చదువుతారు. దాన్ని ఎవరూ వినరు. ఎప్పుడైపోతుందా అని చూస్తుంటారు. అసలు వినాల్సింది అదే. బడిలో ఎంతమంది పిల్లలున్నారు, టీచర్లు ఎందరు, గదులు ఎన్ని, ఐదో తరగతి నుంచి ఎంతమంది బయటికి వెళ్తున్నారు, అన్నీ అందులో ఉంటాయి.

పిల్లల లెక్క ఎందుకంటారా? విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న బడిలో 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు ఉండాలని ఆ చట్టం చెబుతుంది. 61 నుంచి 90 దాకా ఉంటే ముగ్గురు. 91 నుంచి 120 దాకా నలుగురు. ఆపైన 200 దాకా ఐదుగురు. అంటే 61 మంది ఉన్న బడిలో ఇద్దరు పిల్లలు మానేస్తే చట్టం లెక్కలో ఒక టీచరు తగ్గినట్టే. ఒక ఇంట్లో పిల్లను మాన్పిస్తే నష్టం ఆ ఇంటితో ఆగదు. పక్కింటి పిల్లకూ తగులుతుంది.

ఇక ఐదో తరగతి పిల్లల సంగతి. వీళ్ళకు ఈ బడిలో ఇదే చివరి నెల. ఇక్కడ ఆరో తరగతి లేదు. ఆరు కావాలంటే హైస్కూలుకు పోవాలి. ఆడపిల్లల చదువులో పెద్ద మలుపు ఇక్కడే. పదో తరగతి ఫెయిలైతే ఊరంతా తెలుస్తుంది. ఐదయ్యాక ఆరులో చేరకపోతే ఎవరికీ తెలియదు. పాత బడివాళ్ళు కొత్త బడికి పోయిందనుకుంటారు. కొత్త బడివాళ్ళకు ఆ పిల్ల ఉన్నట్టే తెలియదు. పిల్ల ఇంట్లో ఉంటుంది.

ఇంట్లో పనికేం తక్కువ? మగ్గం ఉన్న ఇల్లయితే కండెలు చుట్టాలి. గుంటలో కాళ్ళు పెట్టి తండ్రి నేస్తుంటే కండె అయిపోకముందే ఇంకో కండె అందాలి. మంగళగిరి చీరకు పేరుంది, నిజాం అంచుకు పేరుంది. 2013లో ఆ చీరలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ చీర వెనక రాట్నం తిప్పిన చిన్న చేతి పేరు మాత్రం ఎక్కడా లేదు. కూలికి పోయే ఇల్లయితే మరోరకం. జనవరి నుంచి మిరపకోతలు. తల్లి చేలోకి పోతే చంటివాణ్ణి ఎవరు చూడాలి? పెద్దపిల్ల చూడాలి. పెద్దపిల్ల అంటే పదేళ్ళది.

"ఐదు సదివింది, పేరు రాయటం వచ్చు. ఇంకెందుకు సదువు?" అంటారు.

కోపంతో అనే మాట కాదది. కూలి లెక్క చూసుకుని అనే మాట. అందుకే దానికి జవాబు కూడా లెక్కగానే చెప్పాలి. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించారు. 14 ఏళ్ళలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదు. ఇంటి పనిలో, ఇంటివాళ్ళ వృత్తిలో సాయం చేయవచ్చు. అదీ బడి అయ్యాకే, లేకపోతే సెలవుల్లోనే. సాయంత్రం రెండు కండెలు చుట్టిందని ఎవరూ కేసు పెట్టరు. కండెల కోసం బడి మానకూడదు, అంతే.

ఈ మాట చెబుతున్నది చదువుకున్నవాళ్ళ ఊళ్ళో కాదు. 1991 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళలో చదవను రాయను వచ్చినవాళ్ళు నూటికి 33 మంది. ఆ రోజుల్లో రాత్రిబడులు పెట్టి, లాంతరు ముందు కూర్చుని, పలక పట్టిన అమ్మమ్మలు ఇప్పటికీ ఉన్నారు. 2011 లెక్కల నాటికి నూటికి 59 మంది అయ్యారు. ఇంకా వెనక్కి పోతే, ఆడపిల్లకు బడి అంటేనే జనం నవ్వారు. 1874లో కందుకూరి వీరేశలింగం గారు ధవళేశ్వరంలో బాలికల బడి పెట్టారు. ఈ జిల్లాలోనే ఉన్నవ లక్ష్మీనారాయణ గారు, ఆయన భార్య లక్ష్మీబాయమ్మ గారు 1922లో గుంటూరులో శారదా నికేతనం పెట్టారు. ఆడవాళ్ళకు చదువు, చేతిపని రెండూ నేర్పారు. రెండూ, అన్నది గమనించాలి. మగ్గం మానమని అప్పుడూ ఎవరూ అనలేదు.

మరి ఐదో తరగతి తల్లులు ఇప్పుడు చేయాల్సిందేమిటి?

ముందు రికార్డు షీటు. కొందరు దాన్నే టీసీ అంటారు. అందులో పిల్ల పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, చదివిన తరగతి ఉంటాయి. పుట్టుమచ్చలు ఎక్కడున్నాయో కూడా రాస్తారు. చాలామంది దాన్ని మడిచి బీరువాలో పెడతారు. చదవరు. చదువు రానప్పుడు అది తప్పు కాదు. ఇప్పుడు వచ్చు కదా. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కునైనా సరే చదవాలి.

ఎందుకింత గట్టిగా చెప్పడమంటే, ఇట్లాంటి తప్పులు జరుగుతాయి. పిల్ల పేరు నాగలక్ష్మి అనుకుందాం. ఒకటో తరగతిలో చేర్చిన రోజు తాత వచ్చాడు. ఇంట్లో పిలిచే పేరు లక్ష్మి అని చెప్పాడు. పుట్టిన రోజు అడిగితే "తిరునాళ్ళ ముందు పుట్టింది" అన్నాడు. బడిలో ఒక తేదీ వేసుకున్నారు. ఆధార్ కార్డులో పేరు ఇంకోలా ఉంది. తేదీ ఇంకోటి. ఐదేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత అపార్ నంబరు అని వచ్చింది. ప్రతి పిల్లకు 12 అంకెల నంబరు. బడి రికార్డు, ఆధార్ కలవకపోతే అది రాదు. 2024 చివర్లో ఎంతోమంది తల్లులు ఆ పేర్ల కోసమే కూలి పోగొట్టుకుని ఆధార్ సెంటర్ల దగ్గర నిలబడ్డారు. ప్రాథమిక బడిలో ఉండగానే సరిచేయించుకుంటే తేలిక. పదో తరగతి సర్టిఫికెట్ మీదికి ఎక్కాక తేదీ మార్చాలంటే చెప్పులరిగిపోతాయి.

ఇంకొకటి. "రికార్డు షీటు ఇంకా రాలేదు, పిల్లను చేర్చుకోం" అని కొత్త బడివాళ్ళు అనకూడదు. ఆ కాగితం ఆలస్యమైందని పిల్లను ఆపకూడదని విద్యాహక్కు చట్టంలోనే ఉంది. పాత బడి హెడ్మాస్టరు గారు ఆ కాగితం వెంటనే ఇవ్వాలి. పుట్టిన తేదీకి రుజువు లేదని కూడా వెనక్కి పంపకూడదు. మధ్యలో మానేసిన పిల్లనైనా వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. ఇది బతిమాలి అడిగేది కాదు.

గురుకులంలో చేర్చాలనుకునే తల్లులు ఒక సంగతి తెలుసుకోవాలి. సాంఘిక సంక్షేమ గురుకులాలు ఐదో తరగతి నుంచి మొదలు. అంటే ఆ పరీక్ష నాలుగులో ఉండగానే రాయాలి. నవోదయ ఆరులో మొదలు. దాని పరీక్ష ఐదులో ఉండగా రాయాలి. అందులో మూడింట ఒక వంతు సీట్లు ఆడపిల్లలకు ఉంచారు. బడి మానేసిన ఆడపిల్లల కోసం 2004లో కస్తూర్బా విద్యాలయాలు వచ్చాయి. ఉండడం, తిండి, చదువు అన్నీ అక్కడే. ఇవన్నీ సమయం దాటాక తెలిస్తే లాభం లేదు. నాలుగో తరగతి తల్లులు కూడా వింటున్నారా?

ఇప్పుడు బడుల మార్పుల మాట. దీని మీద చాలామందికి తికమక ఉంది, ఉండడంలో వింత లేదు.

2022 జూన్‌లో ప్రభుత్వం 117వ నంబరు జీవో ఇచ్చింది. కిలోమీటరు లోపల హైస్కూలు ఉంటే ప్రాథమిక బడిలోని 3, 4, 5 తరగతులను అక్కడికి పంపాలన్నది ఆ జీవో. మూడో తరగతి నుంచే సబ్జెక్టు టీచర్లు చెబుతారని కారణం చెప్పారు. ఆలోచన వినడానికి బాగానే ఉంది. కాగితం మీద కిలోమీటరు చిన్నది. ఎనిమిదేళ్ళ పిల్లకు, నడుమ పెద్ద రోడ్డు ఉంటే, రైలు పట్టాలుంటే, అది చిన్నది కాదు. కూలికి పోయే తల్లి పొద్దున్నే ఒకటో తరగతి పిల్లను ఒక బడిలో, మూడో తరగతి పిల్లను ఇంకో బడిలో ఎట్లా దింపుతుంది? చాలా ఊళ్ళలో తల్లిదండ్రులు బడి గేటు ముందు కూర్చున్నారు. 2025లో ఆ జీవో పోయింది. 2025 జూన్ నుంచి కొత్త ఏర్పాటు వచ్చింది. పిల్లలు తగినంతమంది ఉన్నచోట మోడల్ ప్రైమరీ స్కూలు పెట్టారు. అక్కడ తరగతికి ఒక టీచరు. పిల్లలు తక్కువున్నచోట బేసిక్ ప్రైమరీ. మరికొన్నిచోట్ల ఒకటి, రెండు తరగతులతోనే ఫౌండేషన్ స్కూలు. మళ్ళీ అదే పిల్లల లెక్క దగ్గరికి వచ్చాం, చూశారా. మీ బడి ఏ రకమో హెడ్మాస్టరు గారిని అడగాలి. పక్క బడి నుంచి పిల్లలు ఇక్కడికి వస్తారా, ఇక్కడివాళ్ళు అక్కడికి పోతారా అనేది సెలవులకు ముందే అడగాలి. జూన్ 12 పొద్దున తెలిస్తే ఏడుపే మిగులుతుంది.

అడగడానికి మనిషి లేడనుకోవద్దు. ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉంది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. 2024 ఆగస్టులో రాష్ట్రమంతా ఆ ఎన్నికలు జరిగాయి. కమిటీలో పేరు తల్లిది, సంతకం తల్లిది, మాట్లాడేది మాత్రం తండ్రి. ఇట్లా చాలాచోట్ల నడుస్తోంది. ఇక్కడ ఎట్లా నడుస్తోందో ఇక్కడివాళ్ళకే తెలుసు.

డబ్బు సంగతి క్లుప్తంగా. 2020 జనవరిలో అమ్మ ఒడి మొదలైంది. తల్లికి ఒక్క పిల్లకే వచ్చేది. ఇద్దరుంటే ఎవరిని ఎంచుకోవాలి? 2025 జూన్‌లో తల్లికి వందనం వచ్చింది. చదివే పిల్లలందరికీ లెక్క. పిల్లకు 15 వేలు అని పేరు, తల్లి ఖాతాలో పడింది 13 వేలు. మిగతా 2 వేలు బడి నిర్వహణకు. హాజరు నూటికి 75 ఉండాలన్నది నిబంధన. మిరపకోతల్లో బడి మాన్పిస్తే వచ్చే కూలి ఒకవైపు పెట్టండి, ఇది ఒకవైపు పెట్టండి. మధ్యాహ్నం అన్నానికి 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆమె గోదావరి లంకల్లో అడిగినవాళ్ళందరికీ అన్నం వండి పెట్టిన ఇల్లాలు. 2025 జూన్ నుంచి సన్నబియ్యం వస్తోంది. అన్నం బాగా లేకపోతే ఆమె పేరు తలచుకుని మరీ అడగవచ్చు.

అదిగో, పిల్లలు తెర పక్కకి వచ్చేశారు. పొడుగు జడ పిల్ల అప్పుడే తొంగి చూస్తోంది.

ఐదో తరగతి తల్లులు డాన్సులు అవగానే వెళ్ళిపోవద్దు. అడ్మిషన్ రిజిస్టరు ఆఫీసు గదిలో బల్ల మీద తెరిచి పెట్టారు. ఒక్కొక్కరూ వచ్చి మీ పిల్ల పేరు, పుట్టిన తేదీ మీరే చదివి చూసుకోండి. ఆధార్ కార్డు తెచ్చినవాళ్ళు పక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఇవాళే రాయిద్దాం. కళ్ళజోడు మర్చిపోయిన అమ్మలు ఎవరైనా ఉంటే ఇప్పుడే పిల్లల్ని పంపి తెప్పించుకోండి, ఇళ్ళు దగ్గరేగా.