రెక్కను జూచి విమానమును గుర్తించుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో జరిగిన ప్రసంగ పాఠము)



కుండలోని అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు గృహిణి ఒక్క మెతుకును పట్టి చూచును. పెద్దలు దీనిని స్థాలీపులాక న్యాయమనిరి. ఏనుగు కాలిని తడవి స్తంభమనియు, చెవిని తడవి చేటయనియు నిర్ణయించిన గ్రుడ్డివారి కథ అంధగజ న్యాయము. రెండింటను కొంత భాగమును బట్టి మొత్తమును ఊహించుటయే కలదు. ఒకచోట ఊహ ఫలించినది, మరియొకచోట నవ్వులపాలైనది. ఈ భేదమునకు కారణమేమి? విమానములపై మక్కువగలవారు చిరకాలముగా సాధన చేయుచున్న ఒక విద్యను పరిశీలించినచో సమాధానము దొరకును. ఛాయాచిత్రములో తోక కొనయో, ఇంజను ముక్కయో మాత్రమే కనబడుచుండగా, అది ఏ విమానమో చెప్పుటయే ఆ విద్య.

పైకి ఇది పిల్లల పొడుపుకథవలె తోచును. కాని యుద్ధకాలమున ఇది ప్రాణరక్షణ విద్య యైనది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు కాకినాడ, విశాఖపట్టణములపై దాడి చేసినవి. మింట కనవచ్చునది మిత్రుని విమానమా, శత్రువుదా యను ప్రశ్న నాడు ఆంధ్రతీరపు గుమ్మము త్రొక్కినది. ఇంగ్లండులో అంతకు పూర్వమే, 1941లో, ఈ విద్యను నేర్పుటకు ‘ఏరోప్లేన్ స్పాటర్’ అను పత్రిక వెలువడినది. నల్లని ఛాయాకృతులను చూపి విమానముల పేర్లడుగు పద్ధతి వ్యాపించినది.

యుద్ధమునకు ముందు విమానపత్రికకు వ్యాసములు వ్రాయుచుండిన కాన్‌స్టెన్స్ బాబింగ్టన్ స్మిత్ అను వనిత బ్రిటిషు వాయుసేనలో చేరి, మింటినుండి తీసిన ఛాయాచిత్రములను పరిశీలించు శాఖలో పనిచేసిరి. జర్మనీయందలి పీనెముండె స్థావరపు చిత్రములలో, 1943లో, శిలువను బోలిన ఒక చిన్న ఆకృతిని ఆమె పట్టుకొనిరి. కొలిచి చూడగా రెక్కల వెడల్పు సుమారు 20 అడుగులు. చోదకుడు కూర్చుండు విమానమునకు అది మిక్కిలి చిన్నది. 1944లో లండనుపై పడనారంభించిన వి-1 ఎగిరెడు బాంబు అదియే. అభిమానముతో కూర్చుకొన్న పరిజ్ఞానము దేశమునకు అక్కరకు వచ్చుట ఇట్టిది.

ఈ విద్యకు కృష్ణామండలపు యువకులకు దూరము పోనక్కరలేదు. రెండవ ప్రపంచయుద్ధమున సైనికస్థావరమై, పిదప పౌరవిమానాశ్రయమైన గన్నవరమే మంచి పాఠశాల. ఏ.టి.ఆర్. 72 విమానపు రెక్కలు మొండెముపై నుండును. అడ్డుతోక నిలువుతోక శిఖరమున కూర్చుండును. ప్రధానచక్రములు మొండెము ప్రక్కలనున్న ఉబ్బులలో దాగును. ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 విమానములను చూచి క్రొత్తవారు తికమకపడుదురు. బోయింగ్ నిలువుతోక మొదట ఏటవాలుగా లేచి, పిదప ఒక్కసారిగా నిక్కును. ఎయిర్‌బస్ తోక ముందంచు దాదాపు ఒకే వాలుగా సాగును. బోయింగ్ 737 ఎగిరిన పిదప కూడ దాని ప్రధానచక్రములు క్రిందినుండి నల్లని వృత్తములుగా కనబడుచుండును; వాటిని పూర్తిగా మూయు తలుపులు లేవు. కావున చక్రపు వృత్తమొక్కటి చిత్రములో పడినను ఎరిగినవానికి అది గొప్ప ఆధారము.

అనుభవజ్ఞులు పాటించు నియమములు మూడు. మొదటిది, రంగును, కంపెనీ గుర్తును నమ్మరాదు. అవి మార్చదగిన వస్త్రములవంటివి. ఎముకల కట్టువంటి నిర్మాణమునే చూడవలెను. రెండవది, ఒక్క గుర్తుతో తృప్తిపడక, దానితో సంబంధములేని మరియొక గుర్తును వెదకవలెను. మూడవది, ఇది ఏదియో చెప్పుటకు ముందు, ఇది ఏవి కాజాలదో నిర్ణయింపవలెను.

ఈ నియమముల విలువ ఆంధ్రులకు దుఃఖపూర్వకముగా తెలిసినది. 2016 జూలై 22వ తేదీన మద్రాసు చెంతనున్న తాంబరమునుండి పోర్టుబ్లెయిరుకు బయలుదేరిన వాయుసేన ఏ.ఎన్. 32 విమానము బంగాళాఖాతముపై అదృశ్యమైనది. అందు 29 మంది ఉండిరి. వారిలో 8 మంది విశాఖపట్టణపు నౌకాదళ ఆయుధాగారపు ఉద్యోగులు. నౌకలు, విమానములు గాలించినను జాడ దొరకలేదు. ఏడేండ్లకు పైగా ఆ కుటుంబములకు చూపుటకు ఒక ముక్కయైన లేకుండెను.

జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారు మనిషి లేకయే సముద్రగర్భమున సంచరించు యంత్రమును పంపగా, అది 3,400 మీటర్ల లోతున సోనారు చిత్రములను, ఛాయాచిత్రములను తీసినది. వానిలో కనబడినవి శకలములు మాత్రమే. రక్షణశాఖ 2024 జనవరిలో చేసిన ప్రకటన ఈ విద్యార్థులందరు చదువదగినది. శకలముల రూపము ఏ.ఎన్. 32 విమానమునకు సరిపోవుచున్నదనియు, ఆ ప్రాంతమున మరియే విమానమును తప్పిపోయినట్లు దాఖలా లేదనియు, కావున అవి ఆ విమానమువే కావచ్చుననియు తెలిపిరి. సరిపోలిక ఒకటి, ఇతరముల నిరాకరణ ఒకటి. రెండును చేరినప్పటికిని ‘కావచ్చును’ అను మాటను విడువలేదు. ఆర్తితో ఎదురుచూచు కుటుంబములకు చెప్పు మాట గనుకనే అంత జాగ్రత్త అవసరమైనది.

అదే 2024 జనవరిలో మరియొక వార్త లోకమంతట మారుమ్రోగినది. 1937లో పసిఫిక్ మహాసముద్రముపై అదృశ్యమైన అమెరికా వనిత అమీలియా ఇయర్‌హార్ట్ విమానమును బోలిన ఆకృతి సోనారు చిత్రములో పడినదని అన్వేషకులు ప్రకటించిరి. రెక్కలున్నట్లు, తోక యున్నట్లు తోచెను. అదే సంవత్సరము నవంబరులో దగ్గరగా పోయి చూడగా అది సహజముగా ఏర్పడిన శిల యని తేలినది. కోరిక కన్నులకు రెక్కలను చూపినది.

మెతుకు అన్నమును గూర్చి నిజము చెప్పుటకు కారణము, కుండలోని మెతుకులన్నియు ఒకే నిప్పుపై ఉడికినవని గృహిణి ఎరిగియుండుటయే. గ్రుడ్డివారు అంతకు ముందు ఏనుగును ఎరుగరు. సమగ్రమును ముందుగా నేర్చినవానికే అంశము సాక్ష్యమిచ్చును. ఆ సమగ్రజ్ఞానమునకు నెలవు గ్రంథాలయము. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిన పెద్దలు గ్రామగ్రామమునకు అందింపగోరినది ఈ సంపదయే.

ఇచ్చటి యువకులు విమానముల చిత్రములను సేకరించి ఒక సంపుటమును కూర్చి, ప్రతి చిత్రము క్రింద ‘నిశ్చితము’, ‘సంభావ్యము’, ‘తెలియదు’ అను మూడింటిలో ఒకటి వ్రాయుట అభ్యసింతురుగాక. మూడవ మాటను సంకోచింపక వ్రాయగలవారు వార్తలను, వదంతులను, ఇరుగుపొరుగువారి నడతను సైతము తొందరపడక తూచగలరు. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును జరుపుకొనునాటికి ఆ సంపుటము దీని బీరువాలో చదువరుల చేతులలో నలిగి యుండుగాక.