సుమత్రా కొండల్లో ఒక రైతు పల్లె
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెల రోజుల క్రితం మన కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, ఈసారి సభలో ఏదైనా పరదేశం సంగతి చెప్పండి, పిల్లలకు పనికొస్తుంది" అన్నారు. పరదేశమంటే మనవాళ్లకు గల్ఫే. అక్కడి సంగతులు నాకంటే ఇక్కడ కూర్చున్న కుర్రవాళ్లకే బాగా తెలుసును. అందుచేత నేను తూర్పు వైపు తిరిగాను. ఇరవై కోట్లకు మించి ముస్లింలున్న ఇండోనేషియాలో, సుమత్రా ద్వీపంలో, కొండల నడుమ ఉన్న పరియాంగన్ అనే ఒక పల్లెను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. నేను ఆ ఊరు వెళ్లి చూసినవాణ్ణి కాను. ఏళ్ల తరబడి చదివి పోగుచేసుకున్నదే చెబుతున్నాను.

సుమత్రా పడమటి తీరం వెంబడి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా బుకిట్ బారిసాన్ అనే కొండల వరుస ఉన్నది. తీరాన ఉన్న పాదాంగ్ పట్నం నుంచి ఆ కొండలెక్కి లోపలికి పోతే తానా దాతర్ అనే జిల్లా వస్తుంది. పాదాంగ్ పాంజాంగ్, బాతుసంగ్కర్ అనే రెండు ఊళ్ల మధ్య, మరాపి అనే అగ్నిపర్వతం వాలు మీద ఉన్నది మన పరియాంగన్. మరాపి ఎత్తు 2,891 మీటర్లు. జావాలో మెరాపి అని మరో అగ్నిపర్వతం ఉన్నది, అది వేరు, ఇది వేరు. పత్రికలవాళ్లే ఒక్కొక్కప్పుడు పొరబడుతుంటారు.

అక్కడివారిని మినాంగ్‌కబావు ప్రజలంటారు. వాళ్ల భాషలో పల్లెను "నగరి" అంటారు. మన సంస్కృతం మాటే. మనకు నగరమంటే పట్నం, వాళ్లకు పల్లెటూరు. పరియాంగనే తమ జాతికి తొలి ఊరని వాళ్ల నమ్మకం. లోకమంతా నీళ్లలో ఉన్నప్పుడు మరాపి శిఖరం బాతుగుడ్డంత మాత్రమే పైకి కనబడేదట. నీళ్లు తీస్తున్నకొద్దీ పెద్దలు దిగివచ్చి ఇక్కడ ఇళ్లు కట్టుకొన్నారట. కథ కథే అనుకోండి. కాని ఆ వాలు మీద మెట్లు మెట్లుగా దిగిన వరిమళ్లు మాత్రం కంటికి కనబడే నిజం. అగ్నిపర్వతం బూడిద కలిసిన నేల కాబట్టి సారం ఎక్కువ. పైనుంచి వాగునీరు ఒక మడి నిండి కింది మడిలోకి, అది నిండి దాని కింది మడిలోకి జారుతుంది. ఒకడు గట్టు తెగ్గొట్టుకుంటే కిందివాళ్లందరికీ కష్టమే, అందుచేత నీటి కాలువ పని ఊరందరిదీ. అన్నం విషయంలో వాళ్లు మనలాంటివాళ్లే సుమండీ. ముద్దగా అంటుకొనే బియ్యం వాళ్లకు నచ్చదు, పొడిపొడిగా మెతుకు విడివడాలి.

ఊరి మధ్య పాత మసీదు ఉన్నది. దాని పక్కనే భూమిలోంచి ఉబికే వేడినీళ్లు, స్నానాలకు ఆడవాళ్లకు వేరుగా, మగవాళ్లకు వేరుగా గదులు. తెల్లవారుజామున చలిలో వేడినీళ్లతో వజూ చేసుకొని నమాజుకు వెళ్లే భాగ్యం ఎంతమందికి ఉంటుంది చెప్పండి! 2012లో ఒక అమెరికా పర్యాటక పత్రిక ప్రపంచంలోని అందమైన పల్లెల జాబితాలో ఈ ఊరిని కూడా చేర్చింది. ఐతే నేను అందం చెప్పడానికి లేచి నిలబడలేదు.

ఆ ఊళ్లో పొలం ఎవరిది? ఈనాటి నా ప్రసంగమంతా ఈ ఒక్క ప్రశ్న మీదనే.

పొలం ఇంటిది. ఇల్లు తల్లిది. తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి మనమరాలికి పోతుంది. వంశం పేరు కూడా తల్లి వైపు నుంచే వస్తుంది. పాతకాలపు పెద్ద ఇంటిని "రుమా గడాంగ్" అంటారు. పొడుగాటి కర్ర ఇల్లు, కప్పు రెండు చివరలా గేదె కొమ్ముల్లాగా పైకి తేలి ఉంటుంది. పెళ్లైన ఆడవాళ్లకు లోపల తలా ఒక గది. ఎదిగిన మగపిల్లవాడికి మాత్రం అందులో గది లేదు. ఏడెనిమిదేళ్లు రాగానే వాడు రాత్రిపూట "సురావు"కు, అనగా చిన్న ప్రార్థన మందిరానికి పోయి, అక్కడే ఖురాన్ చదువుకొని, తోటివాళ్లతో పడుకొనేవాడు. పెళ్లైతే భార్య ఇంటికి పోతాడు. అక్కడ అతను అతిథి. మొద్దు మీది బూడిదలాంటివాడు అల్లుడు అని వాళ్ల సామెత, గాలి వీస్తే లేచిపోతుందని అర్థం. (ఇక్కడ మన అల్లుళ్లు నవ్వుతున్నారు. మీకు ఇక్కడ జరిగే మర్యాద వేరు లెండి.)

మరి ఇంటి వ్యవహారాలు చూసే మగవాడు ఎవరు? మేనమామ. వాళ్ల భాషలో "మమక్". తెలుగువాళ్లకు మేనమామ సంగతి వేరే చెప్పనక్కరలేదు కదా. తన పిల్లలకంటే ముందు అక్కచెల్లెళ్ల పిల్లల చదువూ, పెళ్ళీ, పొలమూ చూడవలసిన బాధ్యత అతనిది. మేనమామ కూతుర్ని చేసుకోవడం అక్కడ మంచి సంబంధమని లెక్క, మన మేనరికం లాగానే.

ఆ తల్లి పొలాన్ని అమ్మడానికి వీలులేదు. తాకట్టు పెట్టవచ్చు, అదీ వంశంలో అందరూ ఒప్పుకొంటేనే, అదీ నాలుగు సందర్భాల్లోనే. ఇంట్లో శవం ఉండి ఖర్చుకు లేనప్పుడు. ఎదిగిన ఆడపిల్లకు పెళ్లి కానప్పుడు. వంశపు ఇల్లు కురుస్తున్నప్పుడు. చాలాకాలంగా ఖాళీగా ఉన్న వంశపెద్ద స్థానంలో మళ్లీ ఒకరిని నిలబెట్టవలసినప్పుడు. అంతే. ఐదో కారణం లేదు.

ఇంటి ముందు ధాన్యపు గాదెలు ఉండేవి. ఒకటి రోజూ తిండికి. ఒకటి ఇంట్లో దొరకని సరుకులు కొనుక్కోవడానికి. మూడోది కరువు కాలానికి, ఊళ్లో లేనివాళ్లకు. ఈ మూడో గాదె సంగతి మన సంఘం సభ్యులు జ్ఞాపకం పెట్టుకోవాలని మనవి. మనం ఏటా చందా పుస్తకం పట్టుకొని తిరిగి చేసే పనిని వాళ్లు ఇల్లు కట్టేటప్పుడే కట్టి పెట్టుకొన్నారు.

ఇక్కడ పెద్దలకు ఒక సందేహం వచ్చి ఉంటుంది. ఇది షరీఅత్‌కు సరిపడుతుందా? ఖురాన్ కొడుకుకు, కూతురికి వాటాలు నిర్ణయించింది కదా? సరైన ప్రశ్నే. అక్కడివాళ్లు దీని మీద వందేళ్లకు పైగా తల బద్దలు కొట్టుకొన్నారు. 1803లో మక్కా నుంచి తిరిగివచ్చిన ముగ్గురు హాజీలు పాత ఆచారాల మీద తిరగబడ్డారు. జూదం, కోడిపందాలు, నల్లమందు మానమన్నారు. అది చివరికి ఊళ్ల మధ్య యుద్ధమైంది. 1821లో డచ్చివాళ్లు చొరబడ్డారు. 1837లో బొంజోల్ కోట పడిపోయేదాకా పోరు సాగింది. ఆచారం షరీఅత్ మీద నిలుస్తుంది, షరీఅత్ అల్లా గ్రంథం మీద నిలుస్తుంది అని ఇరుపక్షాలూ రాజీకి వచ్చాయి. ఐనా పొలం చిక్కు విడలేదు. ఆ ప్రాంతంలోనే పుట్టిన అహ్మద్ ఖతీబ్ మక్కాలో మస్జిద్-ఎ-హరాంలో షాఫియీ ఇమాంగా ఉండిన పండితుడు. ఈ మాతృవారసత్వం తప్పని ఆయన గట్టిగా రాశారు. ఆయన శిష్యుడే అబ్దుల్ కరీం అమ్రుల్లా. ఆయన వేరే విధంగా ఆలోచించారు. తరతరాల నుంచి వచ్చిన ఈ పొలం ఏ ఒక్కడి సొత్తూ కాదు, అమ్మడానికి లేదు, ఫలసాయం మాత్రమే అనుభవించాలి, కాబట్టి ఇది వక్ఫ్ వంటిది, వక్ఫ్‌ను వాటాలు వేయరు కదా అన్నారు. 1952లో బుకిట్టింగ్గి పట్నంలో ఉలమాలు, వంశపెద్దలు, చదువుకొన్నవాళ్లు కూర్చొని తేల్చారు. పూర్వులిచ్చిన పొలం ఆచారం ప్రకారం, మనిషి తన కష్టంతో సంపాదించింది షరీఅత్ వాటాల ప్రకారం.

ఈ తీర్పు సరైనదా కాదా అని చెప్పడానికి నేను ఆలిమ్‌ను కాను. నాకు తట్టింది ఒక్కటే. ఆచారం చూసినా, షరీఅత్ చూసినా, అక్కడ ఆడపిల్ల వట్టి చేతులతో మిగలదు.

మరి మనమో? నా సంగతే చెబుతాను. మా నాన్నగారికి మూడెకరాల మాగాణి. ఆయన పోయాక మేము అన్నదమ్ములం అక్కచెల్లెళ్లను పిలిచి బిర్యానీ పెట్టి, చీరలు పెట్టి, హక్కు విడుదల కాగితం మీద సంతకాలు చేయించుకొన్నాం. అడిగితే పుట్టింటి రాకపోకలు తెగిపోతాయని వాళ్లకు భయం. అడగరని మాకు ధైర్యం. ఒక చెల్లెలు మాత్రం, "అన్నయ్యా, ఇది ఖురాన్‌లో ఉన్నదే కదా?" అన్నది. నేను జవాబు చెప్పలేదు. ఆరేళ్లు తిరక్కుండా ఆ పొలం అమ్మేశాం. ఇంట్లో శవం లేదు, ఇల్లు కురవడమూ లేదు. ఇప్పుడక్కడ ప్లాట్ల హద్దురాళ్లున్నాయి. ఆ చెల్లెలి భర్త పోయాడు, ఆమె కుట్టుమిషన్ మీద ముగ్గురు పిల్లల్ని చదివించింది. ఈ సభలో ఇది చెప్పవచ్చునా అని నిన్న రాత్రి చాలాసేపు ఆలోచించాను.

పరియాంగన్ సంగతికి వద్దాం. పొలం ఆడవాళ్లదైతే మగవాడి గతి ఏమిటి? ఊరు విడిచి పోవడమే. దాన్ని "మెరాంతావు" అంటారు. కుర్రవాడు పరాయి ఊరు పోయి, పని నేర్చి, నాలుగు రాళ్లు వెనకేసుకొని రావాలి. జకార్తా పోయినా, ఇండోనేషియాలో ఏ పట్నం పోయినా పాదాంగ్ వంట హోటలు కనిపిస్తుందంటే కారణం ఇదే. కూర్చోగానే పది పన్నెండు గిన్నెలు ముందర పెట్టేస్తారు, తిన్నవాటికే డబ్బు. స్వతంత్ర ఇండోనేషియాకు తొలి ఉపాధ్యక్షుడు మహమ్మద్ హట్టా, తొలి ప్రధాని షహరీర్, విదేశాంగమంత్రిగా చేసిన హాజీ అగుస్ సలీం, అందరూ ఆ మినాంగ్‌కబావు వారే. కొండల్లో ఉండే కొద్దిపాటి జాతి నుంచి ఇంతమంది ఎలా వచ్చారా అని నాకు ఆశ్చర్యంగా ఉండేది. తండ్రి పొలం మీద ఆశ లేనివాడు చదువు మీద ఆశ పెట్టుకొంటాడు కాబోలు.

డచ్చివారి పాలనలో ఆ రైతులు చాలా బాధలు పడ్డారు. 1847 నుంచి కాఫీ పండించి, వాళ్లు చెప్పిన ధరకు వాళ్ల గోదాములకే తోలాలని నిర్బంధం. గింజ దొరతనానికి పోతే పండించినవాడికి మిగిలింది ఆకు. ఆ కాఫీ ఆకులనే కాల్చి, నీళ్లలో మరగబెట్టి, కొబ్బరి చిప్పలో పోసుకొని తాగారని చెప్పుకొంటారు. ఇప్పుడు అదే పానీయాన్ని ఆ దారి పక్క అంగళ్లలో సరదాగా తాగుతున్నారు. 1908లో ఆ నిర్బంధం తీసేసి పన్ను వేస్తే జనం తిరగబడ్డారు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఒకటి రెండు దెబ్బలు తగిలాయి. 1958లో ఆ రాష్ట్రంలో జకార్తా మీద తిరుగుబాటు లేచి అణిగిపోయింది, ఎంతోమంది ఇళ్లు విడిచారు. 1979 చట్టం కింద, 1983 నుంచి నగరులను ముక్కలు చేసి దేశమంతటా ఒకే రకం పంచాయతీలుగా మార్చారు. వంశపెద్దల మాటకు చోటు లేకపోయింది. 2000లో కాని నగరి మళ్లీ రాలేదు.

అక్కడ అంతా సవ్యంగా ఉన్నదని నేననడం లేదు. పొలం పేరు ఆడవాళ్లదే ఐనా ముద్ర వేసేది మేనమామే, కాబట్టి మేనమామ చెడ్డవాడైతే అక్కడా తగాదాలే. తాకట్టు పెట్టిన మడి విడిపించలేక తరాలు గడిచిన ఇళ్లున్నాయి. ఇప్పుడు భార్యాభర్తలు వేరే ఇల్లు కట్టుకొంటున్నారు, తండ్రే పిల్లల బాధ్యత చూస్తున్నాడు. పెద్ద ఇళ్లలో చాలావాటి తలుపులు మూసే ఉంటున్నాయి, కప్పు రేకులు తుప్పుపట్టి ఎర్రగా ఉన్నాయి. మగవాళ్లు, చదువుకొన్న ఆడపిల్లలు పట్నాలు పోతే మడి దున్నేదెవరు? సగం పాలుకు ఇస్తున్నారు. పరదేశాల్లో ఉన్నవాళ్లు పండగకు వచ్చి మసీదుకు, బడికి డబ్బిచ్చి పోతారు. మన గల్ఫ్ కుర్రవాళ్ల లాగానే.

ఇక కొండ. అన్నం పెట్టే కొండే ప్రాణాలు తీస్తుంది. 2023 డిసెంబరు 3న మరాపి ఒక్కసారిగా పేలింది. అప్పుడు కొండమీద ఉన్న 75 మందిలో 24 మంది చనిపోయారు. పడిన బూడిద, రాళ్లు వాగుల్లో ఉండిపోయాయి. 2024 మే 11 రాత్రి కుండపోత వానకు అవన్నీ బురదై కిందికి విరుచుకుపడ్డాయి. దాన్ని వాళ్లు "గలోదో" అంటారు. 60 మందికి పైగా పోయారు, అందులో తానా దాతర్ జిల్లాకు తగిలిన దెబ్బ పెద్దది. మడులు, కాలువలు రాళ్లతో పూడుకుపోయాయి. గవర్నమెంటు సాయంతోపాటు దూరాన ఉన్న ఊరివాళ్ల సంఘాలు చందాలు పోగుచేసి పంపాయి. అమ్మడానికి వీలులేని పొలం మరి. రాళ్లు ఏరి మళ్లీ మడి కట్టుకోవలసిందే.

అధ్యక్షులవారు రెండుసార్లు గడియారం చూశారు. ఇంకా ఎద్దుల పందాలు, వాళ్ల వంటలు చెబుదామని రాసుకొచ్చాను, అవి భోజనాల దగ్గర చెబుతాను. ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. ముందుగా ఆ వెనక వరుసల్లో కూర్చున్న అక్కచెల్లెళ్లకు అవకాశం ఇవ్వవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతూ సెలవు తీసుకొంటున్నాను. అస్సలాము అలైకుం.