పాత పటము - క్రొత్త కుంచె
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదికి ఇల్లు కడిగి, సున్నము వేసి, మామిడాకుల తోరణము కట్టుట మన ఆచారము. ఆ సందడిలో పూజగది గోడనుండి క్రిందికి దిగు పాత తంజావూరు పటమును గురించి నాలుగు మాటలు మనవి చేయదలచితిమి. దానికి మసి పట్టినది, బంగారు రేకు లేచినది. పారవేయుటకు మనసొప్పదు, ఉన్నదున్నట్లు తగిలించుటకు కంటికింపుగా లేదు. ఏమి చేయవలెను?

ముందుగా ఆ పటము ఎవరి చేతిదో తెలిసికొందము. పేరు తంజావూరుదే గాని, చేయి మనవారిది. తంజావూరు, తిరుచిరాపల్లులలో రాజులు, మధురలో నాయుళ్లు ఈ పటములు వ్రాసిరి. విజయనగరము కూలి, దక్షిణమున నాయక రాజ్యములు నిలిచిన కాలమున రాయలసీమనుండి తరలివచ్చిన తెలుగు కుటుంబములవి. కోయంబత్తూరు నల్లరేగడికి మన పెద్దలు నాగలి తెచ్చుకొన్నట్లే, వారు కుంచె తెచ్చుకొనిరి.

మధుర మీనాక్షి ఆలయమున ఊంజల్ మండపపు పైకప్పుమీద రాణి మంగమ్మ చిత్రము కలదు. పసివాడైన మనుమని పక్షమున 1689 నుండి రాజ్యమేలిన తల్లి ఆమె. అక్కడి బొమ్మలకు తమిళముతోపాటు తెలుగునను పేర్లు వ్రాయబడి యున్నవి. ఇంట తెలుగు మాటాడి, బడిలో తమిళము చదువుకొను మన పిల్లలలో ఆ అక్షరములను చదువగలవారెందరు? వెలియు రంగును నిపుణుడు నిలుపగలడు. చదువువారు లేని అక్షరమును ఎవరు నిలుపగలరు?

ఇక మరమ్మతు సంగతి. పనస చెక్కమీద గుడ్డ అంటించి, సుద్దయు జిగురును కలిపి పూసి, ఉబ్బెత్తు పని చేసి, రాళ్లు పొదిగి, బంగారు రేకు వేసి, పిమ్మట రంగులు దిద్దుదురు. ఆ సుద్దయు జిగురును నీటికి ఓర్చునవి కావు. తడిగుడ్డతో తుడిచితిమా, నూరేండ్ల పని ఒక్క పూటలో ఊడిపోవును. బజారు ఎనామిలు పూసినచో దేవుని ముఖము మెరయును గాని, పాత చిత్రకారుని గీత మరుగుపడును. పటమును చెమ్మగోడకును ఎండకును దూరముగా నుంచి, తెలిసినవారి చేతికిచ్చుటయే మేలు. తెలిసినవాడు లేచినదానిని అతికించును. తాను చేర్చినదానిని రేపు తీసివేయుటకు వీలుగా చేర్చును. లేని గీతను ఊహించి గీయడు.

అట్లయిన క్రొత్తదనమునకు తావు లేదా? కలదు, కాని క్రొత్త పలకమీద. 1923లో జన్మించిన మద్రాసు చిత్రకారుడు కె. శ్రీనివాసులుగారు లేపాక్షి కుడ్యచిత్రములనుండి, పల్లెటూరి బొమ్మలనుండి గీతను, రంగును గ్రహించి తమ కాలపు చిత్రములు వ్రాసిరి. గోడ గోడగానే యున్నది. చిత్రము క్రొత్తగా పుట్టినది. శ్రీకాళహస్తిలో కలంకారీ పని అంతరించు దశకు రాగా, 1957లో శిక్షణ కేంద్రము తెరచి పడుచువారికి నేర్పిరి. నేర్చిన చేతులు నేటి యిండ్లకు, నేటి వస్త్రములకు తగిన పని చేయుచున్నవి.

కావున ఈ ఉగాదికి ఒక చిన్న కోరిక. మీ యింటి పటమునకు ముందు వెనుకల ఫోటో తీయుడు. అది ఎవరు తెచ్చిరో, ఏ పెండ్లికి వచ్చినదో అవ్వనడిగి ఒక పుస్తకములో తెలుగున వ్రాయుడు. పటము వీపుమీద మాత్రము వ్రాయవలదు. పిల్లవానికి క్రొత్త పలకయు రంగులును ఇచ్చి, తనకు తోచినట్లు గీయనిండు. క్రింద తన పేరు తెలుగున వ్రాయుట మాత్రము నేర్పుడు. మంగమ్మ బొమ్మక్రింది అక్షరములు చదువుటకు అదే మొదటి మెట్టు.