గ్యాసు గీజరు - పొగ పోవు దారి



క్రొత్తగా కట్టుచున్న ఇండ్లలో గ్యాసు గీజరు కానవచ్చుచున్నది. కాగు క్రింద కట్టెలు ఊదు బాధ తప్పినది. ఈ సౌకర్యమును మేము కాదనము. అయితే దాని పొగ ఎటు పోవునని అడుగువారు అరుదు. కొందరు దానిని స్నానాలగదిలోనే బిగించి, తలుపు మూసి స్నానమాడుచున్నారు.

లెక్క చూడుడు. 1 కిలో గ్యాసు చక్కగా కాలుటకు సుమారు 12 ఘనపు మీటర్ల గాలి కావలయును. 5 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు గల గదిలో 7 ఘనపు మీటర్ల గాలియైనను లేదు. గాలి తగ్గినకొలది మంట సరిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు పుట్టును. సిలిండరులోని గ్యాసుకు వాసన కలిపి పంపుదురు గనుక అది కారిన తెలియును. ఈ విషమునకు రంగు లేదు, వాసన లేదు. రక్తములో ప్రాణవాయువు ఉండవలసిన చోటును ఇది ఆక్రమించును. తల తిరిగిన, వేడినీటివలన ననుకొందురు. గడియ తీయులోపల స్పృహ తప్పవచ్చును.

పొగగొట్టమే లేని గీజరును స్నానాలగదిలో ఎన్నడును పెట్టరాదు. దానిని వెలుపల, గాలి ధారాళముగా ఆడు చోట బిగించి, వేడినీటిని మాత్రము గొట్టముద్వారా లోనికి తెచ్చుకొనవలెను. మన గ్రామములకు మేము మొదట చెప్పునది ఇదే, ఖర్చును స్వల్పము.

గొట్టముద్వారా పొగ తానుగా పైకెక్కు రకము కలదు. అదియు మంటకు గదిలోని గాలినే వాడుకొనును. గొట్టము వంకరలు లేక పైకి సాగవలెను. గాలి వచ్చు కిటికీలో చలికాలమున గుడ్డలు కుక్కరాదు. గదిలో గాలిని బయటికి లాగు ఫ్యాను వేసిన, పొగ తిరిగి లోనికే దిగవచ్చును. కనుక దీనిని కూడ స్నానాలగదిలో పెట్టకుండుటయే మేలు.

ఫ్యానుతో పొగను బయటికి నెట్టు రకమునకు విద్యుత్తు కావలెను. ఫ్యాను ఆగిన మంట తానుగా ఆరు ఏర్పాటున్నదా యని కొనునపుడే అడుగవలెను. ఇదియు గదిలోని గాలినే పీల్చును సుమా.

గొట్టములో గొట్టము గల రకము వేరు. అది ఒకదానితో బయటి గాలిని తీసికొని, వేరొకదానితో పొగను బయటికి వదలును. గది గాలితో దానికి పనిలేదు. లోపలనే పెట్టక తప్పనివారికి ఇదియే తగినది. వెల మాత్రము హెచ్చు.

గృహనిర్మాణమునకు అనుమతి కోరి వచ్చువారిని గీజరు ఎచ్చట పెట్టుదురో మీరు అడుగవలెను. పొగగొట్టపు మూతి పొరుగువారి కిటికీ క్రింద తేలకుండ ఆనాడే చూచుకొనవలెను. గోడ లేచిన పిదప మార్చుట కష్టము.