పాత బేస్‌బాల్ వస్తువులకు వెల కట్టువారు

2024 ఆగస్టులో అమెరికా దేశమున జరిగిన యొక వేలమునందు, తొంబది రెండేండ్లకు పూర్వము ఒక ఆటగాడు తొడిగి విడిచిన బూడిదరంగు ఉన్ని చొక్కా 2 కోట్ల 41 లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను. ఆ ఆటగాడు బేస్‌బాల్ క్రీడలో నేటికిని సాటిలేనివాడని పేరొందిన బేబ్ రూత్. అదే చొక్కా 2005లో వేలమునకు వచ్చినప్పుడు 9 లక్షల 40 వేల డాలర్లు మాత్రమే పలికినది. ఈ నడుమ ఆ గుడ్డకు క్రొత్తదన మేమియు రాలేదు. రూత్ 1948లోనే కీర్తిశేషుడయ్యెను గనుక ఆయన యాటలో చేరిన విశేషమును లేదు. ధనవంతుల చేతిలో ధనము పెరిగినమాట నిజమే గాని, దానితోపాటు ఆ చొక్కాను గూర్చిన సాక్ష్యమును పెరిగినది. పాత క్రీడావస్తువులకు వెల కట్టు వృత్తిని గూర్చి నేడు నేను మనవి చేయబోవునదంతయు ఈ సాక్ష్యము చుట్టును తిరుగును.

ఆ చొక్కా కథ యిది. 1932 అక్టోబరు 1వ తేదీన, షికాగో నగరమందలి రిగ్లీ ఫీల్డు మైదానమున జరిగిన బేస్‌బాల్ విజేతను తేల్చు వరల్డ్ సిరీస్ పోటీ మూడవ యాటలో, ప్రత్యర్థులును ప్రేక్షకులును తన్ను ఎగతాళి చేయుచుండగా, రూత్ వ్రేలెత్తి మైదానపు నడిమి దిక్కును చూపి, పిమ్మట వచ్చిన బంతిని ఆ దిక్కునకే, జనుల నడుమ పడునట్లు కొట్టెనని ప్రతీతి. ఆయన నిజముగా దిక్కు చూపెనా, లేక ఎదుటి జట్టువారిపై వ్రేలు ఝళిపించెనా యను వివాదము నేటికిని తీరలేదు. చిత్రమేమనగా, వెల కట్టువానికి ఆ వివాదముతో పనిలేదు. కథ నిజమో కాదో చరిత్రకారులు తేల్చుకొందురు గాక. ఆనాడు ఆయన యొడలిపై నున్నది ఈ చొక్కాయేనా, యనునదియే ఇతని ప్రశ్న. ఆ కాలమున చొక్కాలపై జట్టు పేరులోని అక్షరములను విడివిడిగా కత్తిరించి కుట్టెడివారు గనుక, ఏ రెండు చొక్కాలును అచ్చముగా ఒక్కతీరున నుండవు. ఒకదానిలో అక్షరపు కొన గుండీల పట్టీని తాకును, మరియొకదానిలో వెండ్రుకవాసి తొలగియుండును. నాటి ఛాయాచిత్రములను పెద్దవిగా జేసి, అక్షరమునకును గుండీకిని కుట్టునకును గల యెడములను ఒక్కొక్కటిగా సరిపోల్చి, ఇది యదియే యని నిపుణులు నిర్ణయించిరి. అంతట కోట్లు కదలి వచ్చినవి.

చొక్కాకంటె బంతి సులభముగా దొరకును, అంతకంటె సులభముగా మోసగించును. బేస్‌బాల్ బంతి చుట్టుకొలత రమారమి 9 అంగుళములు, బరువు 5 ఔన్సులు. తెల్లని తోలుపై ఎఱ్ఱదారముతో 108 జంటకుట్లుండును. రెండు కుట్లవరుసలు మిక్కిలి దగ్గరకు వచ్చు తావున మిగిలిన సన్నని బయలును సేకర్తలు స్వీట్ స్పాట్ అందురు. అక్కడ రూత్ సంతకము ఒక్కటియే యున్న బంతి, జట్టంతయు సంతకములు చేసి క్రిక్కిరియించిన బంతికంటె ఎక్కువ పలుకుట కలదు. ఇప్పుడు ఒకడు అటకమీది పెట్టెలోనుండి యొక బంతిని తెచ్చి, మా తాతగారికి రూత్ స్వయముగా సంతకము చేసి యిచ్చినది, వెల యెంత యని యడిగెననుకొందము. పనితెలిసినవాడు మొదట సంతకమును చూడడు. బంతిని చేతిలో త్రిప్పి, దానిపై అచ్చువేసిన లీగు, అనగా జట్లకూటమి, అధ్యక్షుని పేరును చదువును. నేషనల్ లీగునకు వారెన్ గైల్స్ అధ్యక్షుడైనది 1951లో; రూత్ మరణించినది 1948 ఆగస్టు 16న. గైల్స్ పేరు అచ్చుపడిన బంతిపై రూత్ సంతకము కానవచ్చినచో, తాతగారెంతటి సత్యసంధులైనను సంభాషణ అంతటితో ముగిసినట్లే. పిమ్మట తోలు చూచును: 1974 వఱకు ఈ బంతులకు గుర్రపుతోలు వాడెడివారు, తరువాత ఆవుతోలు వచ్చినది. వస్తువు కాగితమైనచో దానిని చీకటిగదిలో అతినీలలోహిత దీపము క్రింద పెట్టును. రెండవ ప్రపంచయుద్ధానంతరము తెలుపుకొఱకు కాగితములలో కలిపిన రసాయనములు ఆ దీపకాంతిలో నీలముగా మెఱయును గనుక, 1910 నాటిదని చెప్పబడునది అట్లు మెఱసెనా, దాని జాతకము బయటపడినట్లే. ఇవన్నియు దాటిన పిమ్మటనే సంతకమును పరిశీలించుట. చేయి తిరిగినవాని సంతకము ఒక్క ఊపున సాగును. చూచి వ్రాసినవాని గీత నడుమ నడుమ ఆగి వణకును, ఆగినచోట సిరా ముద్దకట్టును.

ఇంత జాగ్రత్త యేల యనినచో, 1990 తరువాతి సంవత్సరములలో ఎఫ్.బి.ఐ. వారు ఆపరేషన్ బుల్‌పెన్ అను పేర దాడులు చేసి పట్టుకొన్న దొంగసంతకముల ముఠాను తలచుకొనవలెను. ఆ ముఠావారు అమ్మిన సరకులో మదర్ థెరిసా సంతకము చేసినట్లు చెప్పబడిన బేస్‌బాల్ బంతియు నుండెను! కలకత్తాలో రోగుల సేవలో నుండిన ఆ తల్లి ఎప్పుడు తీరిక చేసికొని బంతిపై సంతకము పెట్టెనో యని కొన్నవారికి తోచకపోవుట, ఆశ యెదుట వివేకమునకు గల స్థితిని చూపుచున్నది. ఆ దెబ్బకు మేలుకొని, మేజర్ లీగు బేస్‌బాల్ వారు 2001లో క్రొత్త యేర్పాటు చేసిరి. ఆట జరుగుచుండగనే, సాధారణముగా పోలీసుశాఖలో పనిచేసిన అనుభవముగల ఒక సాక్షి మైదానమున నుండి, వాడిన బంతిపై సంఖ్యగల హోలోగ్రాము బిళ్లను అక్కడికక్కడే అంటించును. నేటి వస్తువులకు ఆ భాగ్యమున్నది. పాతవానికి లేదు.

ఇక కార్డుల సంగతి. పందొమ్మిదవ శతాబ్ది తుదినుండి సిగరెట్టు పెట్టెలు నలగకుండుటకై లోపల నొక అట్టముక్కను ఉంచి, దానిపై ఆటగాండ్ర బొమ్మలను అచ్చువేసెడివారు. అమెరికన్ టొబాకో కంపెనీ 1909 మొదలు 1911 వఱకు వెలువరించిన వరుసకు టి-206 అని పేరు. ఆ పేరు పెట్టినవాడు సిరక్యూస్ నగరవాసి జెఫర్సన్ బర్డిక్. ఆయన తాను కూర్చిన 3 లక్షలకు పైబడిన కార్డులను, కాగితపు చిత్రములను న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమునకు దానమిచ్చి, 1963లో కన్నుమూసెను. ఈ వరుసలో పిట్స్‌బర్గు జట్టు ఆటగాడైన హోనస్ వాగ్నర్ బొమ్మగల కార్డు అచ్చు మధ్యలోనే ఆగిపోయినది. పొగాకు వ్యాపారమునకు తన రూపమును వాడుట ఆయనకు గిట్టలేదని కొందఱు, సొమ్ము ముట్టలేదని కొందఱు చెప్పుదురు. ఏది యేమైనను, మిగిలినవి అరువదికి మించవందురు.

వానిలో ఒకదాని చరిత్ర వినదగినది. 1985లో విలియం మాస్ట్రో అను వ్యాపారి దానిని 25 వేల డాలర్లకు కొనెను. 1987లో 1 లక్ష 10 వేలు. 1991లో ప్రసిద్ధ ఐస్ హాకీ క్రీడాకారుడు వేన్ గ్రెట్స్కీ తన భాగస్వామితో కలసి 4 లక్షల 51 వేలకు కొనెను. ఆ సంవత్సరముననే స్థాపితమైన పి.ఎస్.ఏ. సంస్థ, కార్డుల మూలలు, అంచులు, ఉపరితలము, బొమ్మ నడుమ కుదిరిన తీరు పరీక్షించి పదికి ఇన్ని యని అంకెవేసి ప్లాస్టిక్ డబ్బీలో బిగించి యిచ్చు పద్ధతిని మొదలిడి, తొలుదొల్తగా ఈ కార్డునకే 8 వేసినది. 2007లో అది 28 లక్షలకు చేతులు మారెను. అటుతరువాత 2013లో మాస్ట్రో న్యాయస్థానమున, తాను ఆ కార్డు అంచులను కత్తిరించితినని ఒప్పుకొనెను. నూఱేండ్ల అట్టకు ఆ మూలలు అంత పదునుగా నుండుటకు కారణము కత్తి!

కత్తిరించిన కార్డునకు అంకెయే వేయరాదను నియమము ప్రకారము దాని వెల పడిపోవలసినది. కాని ఈ కార్డు అపకీర్తియే దాని కీర్తియైనది. దానిని ఎఱుగని సేకర్త లేడు. నాకు తోచినంతవఱకు, అంకెలు వేయు సంస్థలు శ్రమించి కట్టిన శాస్త్రమునకు ఇంతకంటె పెద్ద వెక్కిరింత లేదు. అయినను ఆ శాస్త్రము లేక బజారు నడువదు: 1952 నాటి టాప్స్ కంపెనీ వారి మికీ మాంటిల్ కార్డు ఒకటి, పదికి 9½ తెచ్చుకొని, 2022లో 1 కోటి 26 లక్షలకు పోయినది, మూలలు అరిగిన అదే కార్డు అందులో లేశభాగమునకు దొరకును. అరుదుతనమును వెల పెంచును: ఆ కార్డుల అమ్ముడుపోని కట్టలను 1960లో పడవకెత్తి సముద్రమున పారబోయించితినని టాప్స్ ఉద్యోగి సై బెర్గర్ స్వయముగా చెప్పెడివాడు. ఇందుకు విరుద్ధముగా, 1980ల తుదినుండి కంపెనీలు లెక్కకు మిక్కిలిగా అచ్చువేసిన కార్డులను జనులు భద్రముగా దాచిరి. అందఱును దాచుటచేతనే అవి నేడు చిత్తుకాగితముల పాలైనవి.

కీర్తియు నిలుకడగా నుండదు. 1998లో మార్క్ మెగ్వైర్ ఆ యొక్క సీజనులోనే కొట్టిన డెబ్బదవ హోమ్‌రన్ (మైదానపు హద్దు దాటిన దెబ్బ) బంతిని టాడ్ మెక్‌ఫార్లేన్ అను చిత్రకారుడు సుమారు 30 లక్షల డాలర్లకు కొనెను. మూడేండ్లకే బారీ బాండ్స్ డెబ్బదిమూడు కొట్టెను. ఆ డెబ్బదిమూడవ బంతికై ఇద్దఱు ప్రేక్షకులు కోర్టుకెక్కగా, అమ్మి సొమ్ము చెరిసగము పంచుకొనుడని న్యాయమూర్తి తీర్పు చెప్పెను. 2003లో దానిని కొన్నవాడును ఆ మెక్‌ఫార్లేనే. ఈసారి వెల 5 లక్షల పైచిలుకు. 2010లో మెగ్వైర్ తాను బలమునకై స్టెరాయిడు మందులు వాడితినని ఒప్పుకొనెను.

మన తెలుగువారు అనేకులు అమెరికాలో ఇండ్లు కొని స్థిరపడుచున్నారు. పాత యింటి అటకలో ఇట్టి పెట్టె దొరకుట అసంభవము కాదు. కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియమువారు వస్తువులకు వెల కట్టరు, కొనరు. దానముగా మాత్రమే స్వీకరింతురు. 5 వేల డాలర్లకు మించిన దానమునకు పన్ను మినహాయింపు కోరినచో, అర్హుడైన మదింపుదారుని నివేదిక కావలెను; బీమాకు వ్రాయు వెల వేఱు, వేలమున చేతికివచ్చు సొమ్ము వేఱు గనుక, ఏ వెల కావలెనో మొదట చెప్పి అడుగవలెను. కొనుగోలుకు వచ్చినవానిచేతనే వెల కట్టింపరాదు. బంతిని తుడువరాదు, కార్డు మడత సరిచేయరాదు, మాసిన సంతకముపై సిరా దిద్దరాదు. ఆ పెట్టెలోనే దొరకిన పాత ఉత్తరములు, చినిగిన టిక్కెట్టుముక్కలు, తేదీ వ్రాసిన ఛాయాచిత్రములు ఉన్నచో, చెత్తయని పాఱవేయక బంతితోపాటే పట్టుకొనిపోవలెను. మదింపుదారుడు ముందుగా చేయిచాచునది వానికే.