పేరునకు వెల, సరుకునకు వెల

(మహిళా పొదుపు సంఘముల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



పచారీ సరుకుల ఖర్చును గురించి నాలుగు మాటలు చెప్పుమని మమ్ము కోరినారు. ఇది చిన్న విషయమని కొందరు తలపవచ్చును. కాని కూలికి పోవు కుటుంబమునకు, కౌలు రైతునకు, చిన్న జీతముపై బ్రతుకువారికి ఇంతకు మించిన పెద్ద విషయము లేదు. కేంద్ర ప్రభుత్వము 2022-23లో జరిపించిన గృహవినియోగ వ్యయ సర్వేక్షణను బట్టి చూడగా, మన దేశమందలి గ్రామీణ కుటుంబములు నూరు రూపాయల ఖర్చులో సుమారు 46 రూపాయలు ఆహారముమీదనే వెచ్చించుచున్నవి. అందులో ధాన్యములకు పోవునది నూటికి 5 రూపాయలు మాత్రమే. పానీయములకు, తయారుచేసి అమ్ము తినుబండారములకు పోవునది దాదాపు 10 రూపాయలు. చౌకధరల దుకాణపు బియ్యము ఆదుకొనుచున్నది గనుక మొదటి అంకె చిన్నదగుట సహజమే. రెండవ అంకె మాత్రము ఆలోచింపవలసినది.

ఈనాడు మండల కేంద్రములందు సయితము సూపర్ మార్కెట్టులు వెలసినవి. అచ్చట ఒక అర ముందు నిలిచినచో నాలుగు తీరుల కందిపప్పు కానవచ్చును. ఒకటి టెలివిజనులో నిత్యము వినిపించు పేరుగలది. ఒకటి మనము వినని ఏదో మిల్లుది. ఒకటి ఆ దుకాణమువారే తమ మార్కాతో అమ్మునది. నాలుగవది విడిగా పోసియుంచి తూచి యిచ్చునది. చాలమంది చేయి మొదటిదానిపైకే పోవును. కారణమడిగినచో “అది మంచిదట” అందురు. ఎవరు చెప్పినారన్నచో జవాబుండదు.

దుకాణమువారి సొంత మార్కా చౌకగా ఉండుటలో రహస్యమేమియు లేదు. వారికి పప్పు మిల్లులుండవు. మిల్లునుండి సరుకు కొని తమ సంచులలో కట్టించెదరు. ప్యాకెట్టు వెనుకవైపున సన్నని అక్షరములలో తయారుచేసినవారెవరో, ప్యాక్ చేసినవారెవరో, అమ్మకమునకు పెట్టినవారెవరో వ్రాసియుండును. ఓపికతో చదివినచో తెలియును. ఆ సరుకునకు టెలివిజను ప్రకటనల ఖర్చు లేదు. నడుమ పంపిణీదారునకు పోవు లాభము కూడ చాలవరకు తగ్గును. ఆ మిగులులో కొంత దుకాణమువారు తీసికొని, కొంత మనకు వదలుదురు. పేరున్న మార్కాలన్నియు మోసమని మేము చెప్పుట లేదు. కొన్నింటిలో గింజ ఏరుట, శుభ్రపరచుట మెరుగుగానే ఉండును. ఆ మెరుగునకు ఎంత యిచ్చుచున్నాము, పేరునకు ఎంత యిచ్చుచున్నాము అన్నదే మా ప్రశ్న.

ఒక లెక్క వేసి చూతము. ఇవి ఊహించి వేసిన ధరలు. మీ ఊరి ధరలు మీరు వేసికొనవలెను. పేరున్న కందిపప్పు కిలో 190 రూపాయలు, దుకాణపు మార్కా 155 రూపాయలు అనుకొందము. నెలకు 4 కిలోలు వాడు ఇంటిలో 140 రూపాయలు మిగులును. మినపపప్పు 2 కిలోలపై కిలోకు 30 చొప్పున 60, నూనె 4 లీటర్లపై 12 చొప్పున 48, పంచదార, రవ్వ, ఉప్పు, బట్టలసబ్బు అన్నియు కలిపి మరియొక 70. మొత్తము నెలకు 318 రూపాయలు, సంవత్సరమునకు 3,816 రూపాయలు. ఒక్క గింజ తక్కువ తినకయే ఇది మిగిలినది. పొదుపు పేర పప్పు తగ్గించుట, పిల్లల పాలు తగ్గించుట మాకు సమ్మతము కాదు. మిగిలినదానితో వారమునకు నాలుగు గ్రుడ్లు ఎక్కువ వండినచో అదియే మేలు.

ధరలు పోల్చుటలోనే మనము తరచుగా పొరబడుదుము. పూర్వము కొన్ని దినుసులను నిర్ణీత పరిమాణములలోనే ప్యాకెట్టు కట్టవలెనను నిబంధన యుండెడిది. తూనికలు కొలతల నియమములను 2021లో సవరించి దానిని తొలగించినారు. కావున ఇప్పుడు 1 కిలో ప్యాకెట్టు ప్రక్కనే 900 గ్రాములది, 850 గ్రాములది ఉండవచ్చును. చూపునకు రెండును ఒక్కటే. 162 రూపాయల ప్యాకెట్టు 170 రూపాయలదానికంటె చౌకయని తీసికొందుము. మొదటిది 900 గ్రాములు, రెండవది కిలో అయినచో, మొదటిదాని ధర కిలోకు 180 పడినట్లే.

ఆ సవరణలోనే మనకు మేలుచేయునది కూడ ఒకటి గలదు. కిలో దాటిన ప్యాకెట్టుపై కిలో ధరను, కిలోకు లోపలిదానిపై గ్రాము ధరను విడిగా ముద్రింపవలెను. గ్రాము ధర చూచి బెదరనక్కరలేదు. గ్రాము 18 పైసలన్నచో కిలో 180 రూపాయలు. 17 పైసలన్నచో 170. బడికి పోవు పిల్లలను వెంట తీసికొనిపోయి వారిచేత చదివించుడు. అయితే ఒక మాట. ముద్రించిన ఈ ధర ఎమ్మార్పీని బట్టి వేసినది. దుకాణములో తగ్గింపు ఇచ్చుచున్నచో మనమే తిరిగి లెక్కింపవలెను. ఎమ్మార్పీకి మించి అమ్మరాదనియే చట్టము. అది న్యాయమైన ధర యని కాదు. 240 ఎమ్మార్పీ వేసి 155కు ఇచ్చి “మీకు 85 రూపాయలు ఆదా” అని రసీదుపై అచ్చువేసినంత మాత్రమున మనకు 85 మిగిలినట్లు కాదు. ప్రక్కనున్న మరొక పప్పు 150కి దొరకినచో మనము 5 పోగొట్టుకొన్నట్లే.

బియ్యపు బస్తా సంగతియు ఇట్టిదే. 2022 జూలై 18 నుండి 25 కిలోల వరకు గల ప్యాకెట్టు బియ్యము, పప్పు, పిండి మున్నగువానిపై 5 శాతము జి.ఎస్.టి. వచ్చినది. అంతట కొందరు వర్తకులు 26 కిలోల బస్తాలు కట్టసాగిరి. అందు తప్పేమియు లేదు, కొనువారికి పన్ను కలిసివచ్చును. కాని ఒక కొట్టులో 25 కిలోల బస్తా ధర, మరియొక కొట్టులో 26 కిలోల బస్తా ధర అడిగి, రెండింటిని సరిపోల్చి ఇంటికి వచ్చువారిని మేము చూచుచునే యున్నాము. కిలో ధర అడుగుడు.

పెద్ద ప్యాకెట్టు ఎల్లప్పుడు చౌకయని కూడ నమ్మరాదు. తలకు రుద్దుకొను షాంపూలో రెండు రూపాయల పొట్లములు చాల సందర్భములలో సీసాకంటె మిల్లీలీటరునకు చౌకగా పడును.

ఇక దేనిని నిశ్చింతగా మార్చవచ్చును, దేనియందు జాగ్రత్త వలయును అన్నది చెప్పెదము. పంచదార ఏ సంచిలో వచ్చినను పంచదారయే. ఉప్పు విషయమున ఒకే నియమము. 2006 నుండి మనుష్యుల ఆహారమునకు అయొడిన్ లేని ఉప్పు అమ్ముట నిషిద్ధము. నవ్వుచున్న సూర్యుని గుర్తు చూచి, అన్నింటిలో చౌకయైన అయొడిన్ ఉప్పు తీసికొనుడు, మూతగల డబ్బాలో పోసికొనుడు. అంతకు రెండింతలు పెట్టి కొన్న ఉప్పు కూరకు ఎక్కువ రుచినీయదు. పప్పులు, రవ్వ, అటుకులు, సెనగపిండి ఒక నెల చిన్న ప్యాకెట్టు తెచ్చి పరీక్షించుడు. పాత పప్పు, కొత్త పప్పు రెండు గిన్నెలలో వండి, ఏది యేదో చెప్పక ఇంటివారికి వడ్డించుడు. వారు తేడా కనుగొన్నచో పాతదే ఉంచుకొనుడు. టీపొడి విషయమున తేడా కనుగొందురనియే మా అనుభవము. ఆ ఒక్కదానికి పది రూపాయలు ఎక్కువ పెట్టినను మేము తప్పుపట్టము.

నూనె దగ్గర మాత్రము పేరు కాదు, అక్షరములు చదువవలెను. చౌకయైన ప్యాకెట్టు తెచ్చి, తీరా చూచినచో అది వేరుసెనగ నూనె కాక పామోలిన్ అయియుండును. లేదా రెండు నూనెల మిశ్రమము. మిశ్రమములో ఏ నూనె యెంత పాలో ముద్రింపవలెనని నియమము గలదు. పామోలిన్ తినరాదని కాదు. పామోలిన్‌ను పామోలిన్ ధరకే కొనవలెను. తూకము కూడ చూడుడు. ఒక లీటరు వేరుసెనగ నూనె సుమారు 910 గ్రాములు తూగును. 150 రూపాయలకు లీటరు ప్యాకెట్టు, 145 రూపాయలకు 850 గ్రాముల ప్యాకెట్టు ఉన్నచో, రెండవదాని ధర లీటరునకు 155 రూపాయలు పడును. పీపాలోనుండి సీసాలో పోసియిచ్చు నూనెను ఎంత చౌకయైనను విడిచిపెట్టుడు. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలియుటచే జనులకు నీరువాపు వ్యాధి వచ్చి, 60 మందికి పైగా చనిపోయినారు.

పసుపు, కారముల పొడులలోనే కల్తీకి ఎక్కువ వీలు. విడిగా కొను పసుపుపొడికి రంగు తెచ్చుటకు సీసముతో కూడిన రంగు కలిపిన సందర్భములు బయటపడినవి. సీసము పిల్లల మెదడుకు చేటుచేయును. అందుచే ఇచ్చట చౌక ప్యాకెట్టు వెదకుటకంటె మన పెద్దలు చేసినట్లు చేయుట లాభకరము. దుగ్గిరాల, నిజామాబాదు పసుపు, గుంటూరు మిర్చి మన నేల పంటలే. పంట వచ్చు దినములలో కొమ్ములు, కాయలు కొని, ఎండబెట్టి, మరపట్టించుకొనుడు. ప్యాకెట్టు కారముకంటె చౌకగను, నమ్మకముగను ఉండును. ఉన్న పొడిని పరీక్షింపదలచినచో గ్లాసెడు నీటిలో చెంచాడు వేసి కదపక చూడుడు. మంచి పసుపు అడుగున చేరి నీటికి లేత రంగునిచ్చును. రంగు కలిపినది నీటిని ముదురు పసుపు చేయును. కారములో రంగు కలిసినచో ఎఱ్ఱని చారలు దిగును.

పిల్లలకు బలమని చెప్పి అమ్ము డబ్బాపొడుల మాట కూడ చెప్పక తప్పదు. ఆహార భద్రతా చట్టములో “ఆరోగ్య పానీయము” అను తరగతియే లేదని 2024లో కేంద్ర ప్రభుత్వము వెల్లడించి, ఆన్‌లైన్ అమ్మకపుదారులను ఆ వర్గమునుండి అట్టి పానీయములను తొలగింపుమన్నది. వానిలో పెక్కింట చక్కెర మెండు. ఇందు చౌక మార్కా వెదకుట వ్యర్థము. రాగిజావ, వేయించిన సెనగలు, బెల్లము, వేరుసెనగ ఉండలు ఏ మార్కా లేకయే మన ఇండ్లలో ఉన్నవి.

ఇంతవరకు సూపర్ మార్కెట్టు మాట చెప్పితిమి. ఊరి కిరాణా కొట్టును మరువరాదు. పనులు లేని నెలలో ఖాతా వ్రాసికొని సరుకు ఇచ్చువాడు ఆ కొట్టువాడే. సూపర్ మార్కెట్టు అరువీయదు. కొట్టులో కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువయిన అందులో ఆ అరువునకు వెల కూడ ఉన్నది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి ఆర్టీసీ పల్లెవెలుగు బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము కలిగినది గనుక పట్టణమునకు పోవుట సులభమైనది. కాని ఒక పూట కూలి పోగొట్టుకొని 60 రూపాయలు మిగుల్చుట లెక్కకు రాదు. వేరొక పనిమీద పోయినప్పుడే తెచ్చుకొనవలెను.

మీ సంఘములకు మేము సూచించునది మరియొకటి. పదిమంది సభ్యులు కలసినచో పప్పుమిల్లునుండియో, టోకు వర్తకునినుండియో ఒక బస్తా కందిపప్పు నేరుగా కొనవచ్చును. ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణపు నేతపనివారు మొదలగు 28 మంది 1844లో ఇట్లే కలసి పిండి, వెన్న, చక్కెర వంటి నాలుగైదు సరుకులతో కొట్టు తెరచినారు. కల్తీలేని సరుకు, సరియైన తూకము అన్నదే వారి పంతము. బస్తా కొనునాడు ఇద్దరు సభ్యులు కలసి పోవలెను. పంచునప్పుడు అందరి ఎదుట తూచవలెను. డబ్బు ముందుగా వసూలు చేయవలెను; ఇది మొగమాటముచే విడిచిన సంఘములు రెండవ బస్తా కొనలేదు. పప్పు పంచుటకు ముందు ఒక ఎండ చూపించినచో పురుగుపట్టదు.

ప్యాకెట్టుపై 14 అంకెల ఆహార లైసెన్సు సంఖ్య లేనిచో ఎంత చౌకయైనను తీసికొనవలదు. తూకము తగ్గినను, ఎమ్మార్పీకి మించి తీసికొన్నను రసీదు చేతబట్టుకొని 1915 సంఖ్యకు ఫోను చేయుడు. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము. రసీదు ఉన్నచో ఫిర్యాదు నిలుచుట సులభము గనుక ఈ నెలనుండి రసీదులన్నియు ఒక మేకునకు గ్రుచ్చి దాచుడు. వచ్చు సమావేశమునకు వానిని తెచ్చినచో, ఏ ఇంటిలో ఏ సరుకు మార్చగలరో కలసి కూర్చుండి లెక్కవేయుదము.