సర్పంచి లేని ఇరవై రెండు నెలలు



బీఏలో పొలిటికల్ సైన్స్ తీసుకున్నానంటే, ఇవాళ పట్టా అందుకుంటున్న మీలో చాలామందిని చుట్టాలు అడిగే ఉంటారు, "లీడర్‌వి అయితవా బిడ్డా?" అని. నిజానికి లీడర్ కావడానికి ఈ సబ్జెక్టు అక్కర్లేదు. తెలంగాణ ఉద్యమానికి దారి చూపిన జయశంకర్ సార్ చెప్పిన పాఠం ఎకనామిక్స్. లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు చదివింది లా. మరి మీ మూడేళ్లు దేనికి?

పరకాల నుంచి వచ్చినవాళ్లు చెప్పండి. ఇల్లు కదల్లేదు, 2014లో రాష్ట్రం మారింది. 2016లో వరంగల్ రూరల్ జిల్లా అన్నారు, 2021లో హనుమకొండ జిల్లా అన్నారు. పుస్తకంలో "సమాఖ్య", "వికేంద్రీకరణ" అని చదివినవి మీకు ఆధార్ కార్డులో చిరునామా మార్పించుకునే క్యూలో ఎదురయ్యాయి.

అంతకంటే పెద్ద పాఠం మీరు కాలేజీలో ఉండగానే జరిగింది. పి.వి. ప్రధానిగా ఉన్నప్పుడే పంచాయతీల కోసం 73వ రాజ్యాంగ సవరణ వచ్చింది, 1993 ఏప్రిల్ 24 నుంచి అమలైంది. పంచాయతీ ఐదేళ్లు నిండకముందే ఎన్నికలు పూర్తి కావాలని 243ఇ అధికరణం చెబుతుంది. పరీక్షలో ఐదు మార్కులకు మీరే రాశారు. అదే సమయంలో, 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు దాకా, మీ ఊళ్లో సర్పంచి లేడు, స్పెషల్ ఆఫీసర్ ఉన్నాడు. ఎన్నికలు ఆగడానికి బీసీ రిజర్వేషన్ల లెక్క తేలకపోవడం ఒక కారణం. అది చిన్న విషయమేమీ కాదు, న్యాయమైన పేచీయే. కానీ ఎన్నికైన పాలకవర్గం లేదని ఆర్థిక సంఘం నిధులు ఆగితే ఇబ్బంది పడింది ఊరే. పేచీకీ రాజ్యాంగంలో చోటుంది, గడువుకీ ఉంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం చుట్టాలకు రాదు, మీకు వచ్చు. రావాలి.

ఇక గ్రూప్స్ ఉద్యోగ పరీక్షల సంగతి. లక్ష్మీకాంత్ పాలిటీ పుస్తకం చంకలో పెట్టుకుని కోచింగ్‌కు హైదరాబాద్ అశోక్‌నగర్ వెళ్లేవాళ్లు ఎలాగూ వెళ్తారు, నేను ఆపను. బస్సెక్కేలోపు ఒక పని చేయండి. సమాచార హక్కు దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. ఆ ఇరవై రెండు నెలల్లో మీ పంచాయతీ ఎంత ఖర్చు పెట్టిందో, ఎవరి సంతకంతో పెట్టిందో రాసి అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు ఎవరికి చేయాలో మీ అమ్మానాన్నలకు కాగితం మీద రాసిచ్చి మరీ వెళ్లండి.